ఖాళీ గడి మీద గుండు

కంప్యూటర్‌ని ఎదుట కూర్చోబెట్టుకుని ఆడే వ్యూహాల ఆటల్లో కాపు కాయడమంటే, చాలాసార్లు దాని మొద్దుతనాన్ని వాడుకోవడమే. సివిలైజేషన్‌లో కనుమ దగ్గర విలుకాళ్ళను నిలబెట్టి చూడండి. శత్రుసేన ఒక్కొక్కటిగా వచ్చి రాలిపోతుంది. ఆ మొద్దుతనాన్ని కప్పిపుచ్చడానికి, కష్టం పెంచినకొద్దీ యంత్రానికి అదనపు రాయితీలిస్తారు. గెలుస్తాం, సరే. తల్చుకుని మురిసిపోయే ఘట్టం మాత్రం ఒక్కటీ మిగలదు. రక్షణలోనూ రసం ఉంటుందని నాకు రుచి చూపించిన ఆట ‘ఇన్‌టు ద బ్రీచ్’. 2012లో ‘ఎఫ్‌టీఎల్’తో పేరు తెచ్చుకున్న సబ్‌సెట్ గేమ్స్ జంట మాథ్యూ డేవిస్, జస్టిన్ మా 2018లో దీన్ని తెచ్చారు.

చదరంగంలాగే ఎనిమిదింటికి ఎనిమిది గడులు. మనవైపు మెక్‌లు మూడంటే మూడు, పైలట్లు లోపల కూర్చుని నడిపే భారీ యంత్రకాయాలు. ఎదుట నేలను చీల్చుకుని పైకొచ్చే వెక్ అనే రాకాసి పురుగులు. మధ్యలో జనం తలదాచుకున్న భవనాలు. వాటిమీద దెబ్బ పడినప్పుడల్లా పవర్ గ్రిడ్ తరుగుతుంది, సున్నాకి చేరితే ఆట ముగిసినట్టే. పురుగులన్నిటినీ చంపి తీరాలని ఆట పట్టుబట్టదు. కొద్ది టర్నులు ఓపిక పడితే మిగిలినవి వాటంతటవే నేలలోకి దిగిపోతాయి.

వెక్‌లు ముందు కదులుతాయి. ఎవరిని కొట్టబోతున్నాయో తెరమీద గుర్తులతో చూపించి ఆగుతాయి. మన టర్ను అయ్యాకే ఆ దెబ్బలు పడతాయి. ఏది ముందు, ఏది వెనక అన్న వరుసలో కూడా దాపరికం లేదు. ఇంత తెలిసినా పని తేలిక కాదు, ఎందుకంటే పడబోయే దెబ్బలు నాలుగైతే మన చేతులు మూడే. ఇంకో నియమం ఉంది. వెక్‌ని పక్కకు తోస్తే అది ఉన్న చోటు మారుతుంది గాని, కొట్టే దిక్కు మారదు. నన్నడిగితే ఈ ఆటలో రసమంతా ఆ నియమంలోంచే ఊరుతుంది.

ఒక ఘట్టం చెబుతాను. ఫైర్‌ఫ్లై అనే వెక్ తన వరుసలో ఎదురుగా ఉన్న భవనానికి గురిపెట్టి ఉంది. దానికి మూడు ప్రాణాలు. మన ఆర్టిలరీ మెక్ గుండు తీసేది ఒక్కటే, కాబట్టి దాన్ని సూటిగా కొట్టినా చావదు. పక్క వరుసలో లీపర్ ఇంకో భవనం మీద విరుచుకుపడబోతోంది. దానికి ప్రాణం ఒకటే, కొడితే మాత్రం మూడు పోతాయి. దాని వంతు ఫైర్‌ఫ్లై తర్వాత. ఆర్టిలరీ గుండు పడిన గడి చుట్టూ నాలుగు పక్కల ఏమున్నా ఒక్కో గడి వెలుపలికి జరుగుతుంది. అందుకని గుండుని ఫైర్‌ఫ్లైకి అవతలి పక్కనున్న ఖాళీ గడిలో వేశాను. మట్టి లేచింది. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. ఫైర్‌ఫ్లై లీపర్ ఉన్న వరుసలోకి జరిగింది, అంతే. దాని వంతు వచ్చేసరికి, మొండిగా అదే దిక్కుకి ఉమ్మింది. భవనాలు రెండూ దక్కాయి, లీపర్ పోయింది, మిగతా రెండు మెక్‌లకు నేనింకా పని చెప్పనేలేదు.

మన ఆలంకారికులు వాచ్యం కంటే ధ్వనికి పెద్దపీట వేశారు. ఆ గుండు వాచ్యంగా పడింది ఖాళీ గడిలో, దాని అర్థం విచ్చుకుంది పక్క వరుసలో.

వీరరసం కూడా లేకపోలేదు. అది కొట్టడంలో కంటే నిలబడడంలో ఎక్కువ. నేల అదురుతున్న గడి మీద మెక్ కాలు మోపి నిలిస్తే, కిందున్న వెక్ ఆ టర్నులో పైకి రాలేదు. మెక్‌కి ఒక ప్రాణం తగ్గుతుంది. అక్కడికి ఇంకో వెక్‌నే తోసేస్తే ఆ నష్టం కూడా వాళ్ళదే! మెక్ గాయాలు తర్వాతి పోరుకల్లా మానిపోతాయి, గ్రిడ్ దానంతటది మానదు. అందుకే ఒక్కోసారి అన్ని లెక్కలూ అయ్యాక మిగిలే సరైన ఎత్తు, భవనానికి అడ్డంగా వెళ్ళి నిలబడడమే. మెక్ కూలితే మాత్రం లోపలి పైలట్ దక్కడు.

ఒక్కచోట నాకు రుచించదు. దెబ్బ పడ్డా భవనం తట్టుకునే అవకాశం మొదట్లో 15 శాతం ఉంటుంది. తట్టుకున్నప్పుడు ఊపిరి పీల్చుకుంటాను, కాదనను. కానీ కాపాడింది నేను కాదు కదా. ఇంత నిక్కచ్చి ఆటలో ఆ పాచిక దేనికో. పోరుకి ఒకసారి టర్నుని మొదటికి తిప్పుకోనిచ్చే వెసులుబాటుని మాత్రం తప్పుపట్టను.

స్క్వాడ్, అంటే మన మూడు మెక్‌ల జట్టు, మారిస్తే రక్షణ శైలే మారిపోతుంది. నాకు ప్రీతిపాత్రమైంది ఫ్రోజెన్ టైటన్స్. ఇందులో ఈజిస్ మెక్ డాలుతో ఒక్కటిస్తే వెక్ దెబ్బ దిక్కు వెనక్కి తిరిగిపోతుంది, పైన చెప్పిన నియమానికి కమ్మని అపవాదం. ఐస్ మెక్ వేటు ఇంకా చిత్రం. ఎదుటివాణ్ణి గడ్డకట్టిస్తూ తనూ గడ్డకడుతుంది. గడ్డకట్టిన వెక్ కొట్టలేదు, సరే, మన మెక్ సంగతేమిటి? మిర్రర్ మెక్ ఫిరంగి ఒకేసారి ముందుకీ వెనక్కీ పేలుతుంది. ముందు గుండు వెక్‌కి, వెనక గుండు ఐస్ మెక్‌కి. మంచు ఆ దెబ్బను తనమీద వేసుకుని పగులుతుంది, మెక్‌కి ఏమీ కాదు. పైగా ఆ తోపుకి ఒక గడి జరుగుతుంది. అది సరిగ్గా వెక్ పైకి రాబోతున్న గడి అయ్యేలా ముందే చూసుకోవచ్చు.