అంట్లు తోమని శాఖ

దొరల కాలపు కుల గ్రంథాలను సాహిత్యంగా చదవకూడదన్న నియమం ఎక్కడా లేదు. రాయ్ బహదూర్ హీరాలాల్ సాయంతో ఆర్.వి. రస్సెల్ సెంట్రల్ ప్రావిన్సెస్ కులాల మీద రాసిన నాలుగు సంపుటాల గ్రంథం (1916)లో అహీర్ల వ్యాసాన్ని నేను అలాగే చదివాను.

శాఖల పేర్లు చూడండి. జిఝోతియాలు బుందేల్‌ఖండ్ వాళ్ళు, జఝోతి దాని పాత పేరు. నర్వరియాలు నర్వర్ వాళ్ళు. ఛత్తీస్‌గఢ్ రావత్‌లలో కోసరియాలది కోసల, కనౌజియాలది కనౌజ్. పశువుల వెంట ఊరు వదిలారు గాని ఊరి పేరు వదల్లేదు. హోసూరులోనో బళ్ళారిలోనో తరాలుగా ఉంటూ, ఎన్నడూ చూడని పల్లెను ఇంటిపేరుగా మోస్తున్న మనకు ఇది ఒకరు విడమరచి చెప్పాలా? రస్సెల్ మాత్రం పేరు ఎక్కడిదో చెప్పి, ఎవరి చేతి నీళ్ళు ఎవరు తాగుతారన్న లెక్కలోకి వెళ్ళిపోతాడు.

ఆ లెక్కలోనే ఒక ఆణిముత్యం దొరికింది. కనౌజియా రావత్‌లు ఇళ్ళలో పనికి కుదిరేవారు. వాళ్ళ చేతి నీళ్ళు అన్ని కులాలవారూ పుచ్చుకునేవారు. వారిలో కొందరు అంట్లు మాత్రం తోమమన్నారు. వాళ్ళు ఠేఠ్వార్లయ్యారు, అంటే అసలు సిసలు వాళ్ళు. శాఖ ఏర్పడడానికి వంశవృక్షం అక్కరలేకపోయింది, ‘ఈ పని చెయ్యం’ అన్న మాట చాలింది. కథకుడైతే ఇక్కడ ఆగేవాడు. మొదట కాదన్నదెవరు? ఆ పూట వాళ్ళకు కూడు పెట్టారా? రస్సెల్ ఆగడు. దౌవాల సంగతి ఇంకా అన్యాయం. బుందేలా రాజపుత్రుల ఇళ్ళలో పాలిచ్చే దాదులుగా ఉన్న అహీరు స్త్రీలకు, ఆ మగవాళ్ళకు పుట్టిన అక్రమ సంతతి అని ఒక్క వాక్యంలో తేల్చేశాడు. ఆ తల్లులు ఏమనుకున్నారో ఊసే లేదు.

ఆడదాని గొంతు వినాలంటే పాట దగ్గరికి పోవాలి. ముల్లా దావూద్ 1379లోనే అవధీలో కావ్యం చేసిన లోరిక్-చందా కథ ఉత్తరప్రదేశ్‌లో అహీర్ల వీరగాథ, అక్కడ యుద్ధాలదే పైచేయి. ఛత్తీస్‌గఢ్‌లో అదే కథ ‘చందైనీ’. మొగుణ్ణి వదిలి లోరిక్‌తో వెళ్ళిపోయిన చందాయే అక్కడ కథ నడుపుతుంది. పాడేవాళ్ళూ ఒక్క కులం వాళ్ళు కారు. రస్సెల్ గీసిన గీతలన్నిటినీ ఆ పాట ఎప్పుడో దాటేసింది.

1924లో అలహాబాదులో పుట్టిన అఖిల భారత యాదవ మహాసభ ఆ గీతలను మరోలా చెరిపింది, అందరికీ ఒకే పేరుతో. కాటమరాజు కథలు చెప్పుకునే మన గొల్లలలోనూ ఎందరో ఆ పేరు తీసుకున్నారు. బలం కావాలంటే సంఖ్య కావాలి, కాదనను. కాని ఆ ఠేఠ్వార్ ఇంటి మొదటి ‘చెయ్యం’ను ఎవరైనా కథగా రాస్తే చదవాలని ఉంది.