మంచి తుపాకిమందు ఏది? రాబిన్స్ పుస్తకంపై ఒక పరిశీలన

ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో ఈ లెక్క మీరు చేసే ఉంటారు. వేలాడుతున్న చెక్క దిమ్మలోకి తుపాకి గుండు దూసుకుపోయి అందులోనే ఇరుక్కుంటుంది. దిమ్మ కొంత ఎత్తుకు లేస్తుంది. గుండు వేగం ఎంత? పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా ఆ లెక్క పక్కన ఎవరి పేరూ ఉండదు. ఆ లోలకాన్ని వాడి చూపినవాడు ఇంగ్లండుకు చెందిన బెంజమిన్ రాబిన్స్. 1742లో వెలువడిన ఆయన పుస్తకం పేరు 'న్యూ ప్రిన్సిపుల్స్ ఆఫ్ గన్నరీ'. చిన్న పుస్తకమే. మూడేళ్లకే దాన్ని జర్మన్‌లోకి అనువదించిన గణితవేత్త ఆయిలర్ రాసిన వ్యాఖ్యానం మాత్రం మూలగ్రంథాన్ని మించిపోయింది.

రాబిన్స్‌కు ముందు మందు మంచిచెడ్డలు ఎలా తేల్చేవారో తెలుసా? చిటికెడు మందు కాగితం మీద కాల్చి, ఎంత మసి మిగిలిందో చూసేవారు. లేదా చిన్న గిన్నెలో పేల్చి, అది మూతను ఎంత ఎత్తుకు ఎగరేసిందో చూసేవారు. ఈ రెండూ మందు ఆర్భాటాన్ని కొలుస్తాయే తప్ప, గొట్టంలో గుండును అది ఎలా తోస్తుందో చెప్పవు. రాబిన్స్ గుండునే సాక్షిగా నిలబెట్టాడు. పౌనుకు పన్నెండు తూగే సీసపు గుండ్లు తీసుకున్నాడు. వాటి ఎదుట సుమారు 56 పౌన్ల లోలకాన్ని వేలాడదీసి, అది ఎంత ఊగిందో దానికి కట్టిన రిబ్బను సాయంతో కొలిచాడు.

మీరూ లెక్కవేసి చూడండి. గుండు బరువు పౌనులో పన్నెండో వంతు. దిమ్మ, గుండు కలిపితే దానికి దాదాపు 673 రెట్లు. సెకనుకు 1,600 అడుగుల వేగంతో వచ్చిన గుండు, దిమ్మలో ఇరుక్కున్నాక సెకనుకు 2.4 అడుగుల నెమ్మదికి దిగుతుంది. కంటికి అందని వేగం కొలబద్దకు అందింది! ద్రవ్యవేగం అంతా నిలిచింది కానీ, గతిజశక్తిలో మిగిలింది 673లో ఒక వంతే. తక్కినదంతా చెక్కను చీల్చడంలోనూ, వేడిగానూ ఖర్చయింది. శక్తి నిత్యత్వ సూత్రాన్ని ఇక్కడ గుడ్డిగా వాడితే జవాబు ఎంత దారి తప్పుతుందో ఊహించుకోవచ్చు.

లోలకాన్ని దూరదూరంగా జరిపి కాల్చినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. గాలి గుండును అడ్డుకునే బలం, అప్పటివరకు అనుకున్నదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ధ్వని వేగం దగ్గర ఆ నిరోధం తీరే మారిపోతుందని కూడా రాబిన్స్ గమనించాడు. పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే.

ఇక లోపం. మందు కాలడానికి పట్టే కాలాన్ని రాబిన్స్ లెక్కలోకి తీసుకోలేదు. గుండు చెప్పుకోదగ్గంత కదిలేలోపే మందంతా వాయువైపోతుందని భావించాడు. ఊరికే అనుకోలేదు, ఒకటికి బదులు రెండు, మూడు గుండ్లు పెట్టి కాల్చి చూసి మరీ వాదించాడు. అయినా పీడనం సుమారు 1,000 వాతావరణాలన్న ఆయన అంచనా నిలవలేదు. 1870లలో నోబుల్, ఏబెల్ గట్టి ఉక్కు పాత్రలో నల్లమందును మూసి పేల్చినప్పుడు 6,000 వాతావరణాలకు పైనే వచ్చింది.

నిజానికి మందు గింజ పైపొర నుంచి లోపలికి, పొర తరువాత పొరగా కాలుతుంది. అంటే గింజ పరిమాణం, ఆకారం మారిస్తే కాలే వేగం మారుతుంది. అమెరికాలో రాడ్‌మన్ పెద్ద ఫిరంగుల కోసం చిల్లులున్న మందు బిళ్లలు చేయించింది ఇందుకే. కాలే కొద్దీ చిల్లు పెద్దదై కాలే ఉపరితలం పెరుగుతుంది. మొదట్లోనే పీడనం విరుచుకుపడదు. 1884లో ఫ్రాన్సులో వియే పొగలేని మందు తయారుచేశాక, కాలే వేగమే మందుకు అసలు గుర్తింపు అయింది.

రాబిన్స్ వదిలేసిన ఈ కాలమే చేతి తుపాకి విషయంలో కీలకం. అమెరికాలో చాలామంది రివాల్వరు తూటాలను లైసెన్సు ఉన్న దుకాణంలో కొన్న సరుకుతో ఇంట్లోనే నింపుకుంటారు. (మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం.) రివాల్వరు గొట్టం పొట్టిది, నెమ్మదిగా కాలే మందు వేస్తే కొంత కాలకుండానే బయటికి పోతుంది. పైగా సీసం మెత్తన. 327 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. గుండు గొట్టానికి సరిగ్గా అమరకపోతే వేడి వాయువులు దాని అంచులను కోసుకుంటూ పోయి, గొట్టంలోని గాడుల్లో సీసం పేరుకుంటుంది. కాబట్టి మామూలు సీసపు గుండుకు త్వరగా కాలే మందును, మితమైన వేగం ఇచ్చేంత కొద్దిగా వాడతారు. తగరం, ఆంటిమొని కలిపి సీసాన్ని గట్టిపరచడమూ ఉంది.

ఇందులోనే ప్రమాదం పొంచి ఉంది. త్వరగా కాలే మందు కొంచెమే పడుతుంది కనుక, పొరపాటున రెండుసార్లు పోసినా ఇత్తడి తొడుగులో ఇమిడిపోతుంది. పైనుంచి చూస్తే తెలియకపోవచ్చు. కాల్చినప్పుడు తుపాకి పగిలి చేయి పోవచ్చు. అందుకే అనుభవం ఉన్నవారు, బలం సమానమైన రెండు మందుల్లో ఎక్కువ చోటు ఆక్రమించేదాన్ని ఎంచుకుంటారు. అది రెండోసారి పోస్తే పొంగి బయటికి వస్తుంది.

రాబిన్స్ ఈస్టిండియా కంపెనీ కోటలను పటిష్ఠం చేసే ఉద్యోగం మీద 1750లో మన తీరానికి వచ్చాడు. మరుసటి ఏడు జులైలో కడలూరు దగ్గరి సెంట్ డేవిడ్ కోటలో జ్వరంతో చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 44 ఏళ్లు.