వీరసమాగమకథలు: గయోపాఖ్యానము, తత్సజాతీయములు

వేఱువేఱు కథలకు నాయకులై ప్రసిద్ధి కాంచిన యిరువురు వీరుల నొక్క కథలోనికిఁ దెచ్చి, వారిని మొదటఁ బోరించి పిదపఁ గలుపు కల్పనలు తెలుఁగునఁ బెక్కు గలవు. కృష్ణార్జునయుద్ధము, రామాంజనేయయుద్ధము, భీమాంజనేయయుద్ధము, శశిరేఖాపరిణయము మున్నగునవి యీ కోవకుఁ జెందినవి. వీనికి వీరసమాగమకథలని పేరిడవచ్చును. ఇవి వ్యాసవాల్మీకుల గ్రంథములందు లేవు. అందుచేతఁ బండితులు వీనిని పుక్కిటిపురాణములని త్రోసిపుచ్చుట వాడుక. కాని నన్నయతిక్కనల పద్య మొక్కటియు నెఱుఁగని వారును గయుని కథ నెఱుఁగుదురు. జనులు తరతరములుగాఁ గాపాడుకొన్న కథలను మూలమున లేవను నొక్క కారణముచే విమర్శకుఁడు విడిచిపుచ్చుట న్యాయము గాదు. ఇట్టి కథలకుఁ గావ్యగుణము గలదా, కలదేని దానిని గొలుచు కొలఁబద్ద యేది యనునదే యిచట విచార్యము.

మొదట నొక యపోహను దొలఁగింపవలెను. వీరసమాగమము పామరకల్పనము గాదు. మహర్షులకే సమ్మతమైన కథాసంవిధానము. భారతారణ్యపర్వమునఁ గిరాతవేషధారి యగు శివునకును అర్జునునకును ఒక్క వరాహముపైఁ బడిన రెండు బాణములు కలహకారణము లయ్యెను. పోరు ముగిసిన పిదప నర్జునునకుఁ బాశుపతము లభించెను. ఆ పర్వముననే సౌగంధికపుష్పమునకై పోవు భీముఁడు త్రోవకడ్డముగాఁ బడియున్న ముదికోఁతి తోఁకను గదల్పలేక, యాతఁడు తన యన్న హనుమంతుఁడని యెఱిఁగెను. త్రేతాయుగవీరుఁడు ద్వాపరయుగవీరుని గలసికొన్న యీ ఘట్టమునుండియే యర్జునుని ధ్వజముపై హనుమంతుఁడు నిలుచుటకు మాట యేర్పడినది. భాగవతదశమస్కంధమున శ్యమంతకమణికై వెడలిన కృష్ణుఁడు జాంబవంతునితో నిరువదియెనిమిది దినములు పోరెను. అలసిన జాంబవంతుఁడు తన్నెదిరించిన వాఁడు పూర్వము తాను గొలిచిన రాముఁడే యని గుర్తించి మణితోఁ బాటు కూఁతు నిచ్చెను.

ఈ మూఁడు ఘట్టములకును సామాన్యలక్షణ మొక్కటి గలదు. ప్రతి పోరును గుర్తింపుతో ముగియును. శత్రువని తలఁచినవాఁడు దైవమనియో, యన్నయనియో, పూర్వస్వామియనియో తెలియును. అనఁగా నజ్ఞానము పోరునకుఁ గారణము. జ్ఞానము శాంతికిఁ గారణము. దీనిని ప్రత్యభిజ్ఞామార్గమని వ్యవహరింపవచ్చును.

యుగభేదమును లెక్కింపక వీరుల నొక్కచోటఁ జేర్చుట దేవాలయమునకును క్రొత్త గాదు. నేఁడు అనకాపల్లి జిల్లాలోనున్న నక్కపల్లికి సమీపమున ఉపమాక గ్రామము గలదు. అచ్చట వేంకటేశ్వరస్వామి గరుడాద్రిపై వెలసియున్నాఁడు. అట్టి వైష్ణవక్షేత్రముల యుత్సవములందు స్వామి యొకనాఁడు గరుడునిపైఁ, వేఱొకనాఁడు హనుమంతునిపై నూరేఁగుట పరిపాటి. దర్శింపవచ్చిన గ్రామీణుఁడు వీరిలో నెవ్వ రే యుగమువారని ప్రశ్నింపఁడు. అతనికిఁ బురాణజగత్తంతయు నొక్క యూరు. అందలి వీరు లందఱు నిరుగుపొరుగువారు. ఇట్టి మనఃస్థితియే వీరసమాగమకథకుఁ బుట్టినిల్లు.

ఇఁక గయోపాఖ్యానము. గయుఁడను గంధర్వుఁడు విమానమునఁ బోవుచు నుమిసిన తాంబూలము సూర్యున కర్ఘ్య మిచ్చుచున్న కృష్ణుని దోసిటఁ బడెను. కృష్ణుఁడు వానిని వధింతునని ప్రతిన పట్టెను. గయుఁడు నారదోపదేశమున నర్జునుని శరణు సొచ్చెను. శత్రువెవ్వఁడో తెలియకయే యర్జునుఁ డభయ మిచ్చెను. తెలిసిన పిదప మాట మరల్పలేకపోయెను. రాయబారములు విఫలము లయ్యెను. బావమఱఁదులు రణమున కెదురెదురుగా నిలిచిరి. కన్నడ యక్షగానములందును గృష్ణార్జునకాళగమను పేర నీ కథ ప్రసిద్ధము. తెలుఁగున చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు 1890 ప్రాంతమున దీనిని నాటకముగా రచించిరి. అది యాంధ్రదేశమున మిక్కిలి ప్రచారము నొందిన నాటకములలో నొకటి.

ఈ కథ పూర్వోక్తమైన ప్రత్యభిజ్ఞామార్గమును దలక్రిందు చేసినది. కిరాతార్జునులు తెలియక పోరి తెలిసి కలసిరి. కృష్ణార్జునులో తెలిసియే పోరిరి. వారికి నొండొరులఁ గూర్చి తెలియవలసిన దేమియు లేదు. ప్రేమ తఱుఁగలేదు, అపోహ లేదు, మోసము లేదు. ఉన్నవి రెండు ప్రతిజ్ఞలు మాత్రమే. ఒకటి దుష్టశిక్షణరూపము, వేఱొకటి శరణాగతరక్షణరూపము. రెండును క్షత్రియధర్మములే. ఇందలి కలహము వ్యక్తులది గాక ధర్మములది యగుటచే నీ కథకు మూలమున లేని గౌరవము స్వయముగా సిద్ధించినది.

దీనిపైఁ బండితులు సాధారణముగాఁ జేయు నాక్షేపణ మొకటి గలదు. ఎఱుఁగక యుమిసిన యుమ్మికై ప్రాణము దీయఁబూనుట కృష్ణుని పాత్రకుఁ దగునా యని వారి ప్రశ్న. అనౌచిత్యముకంటె రసభంగమునకు వేఱు కారణము లేదని యానందవర్ధనుఁడు చెప్పియుండుటచే నీ యాక్షేపణము తేలికగాఁ ద్రోయఁదగినది గాదు. కాని కథను నిదానముగాఁ బరిశీలించినచో నా యల్పకారణమే కథకుఁ బట్టుగొమ్మ యని తోఁచును. గయుఁడు బుద్ధిపూర్వకముగా మహాపరాధము చేసినవాఁడైనచో వాని కభయ మిచ్చిన యర్జునుఁ డధర్మపక్షపాతి యగును. గయుఁడు కేవలము నిర్దోషి యైనచోఁ గృష్ణుఁడు క్రూరుఁ డగును. క్రింద నెవ్వరున్నారో చూడక యుమియుట ప్రమాదజనితమైన దోషము; దండనకును దగినదే, క్షమకును దగినదే. త్రాసు రెండుదిక్కుల సమముగా నిలుచుట కిట్టి నడిమితరపు తప్పే కావలెను. కథకుఁడెవ్వఁడో తెలియకున్నను వాని చాతుర్య మిచటఁ దెల్లము. ఇతిహాసకథయందు రసమున కనుకూలమైన మార్పును గవి చేయవచ్చునని యా యానందవర్ధనుఁడే యనుమతించెను గదా.

మఱియొక గుణము స్త్రీపాత్రలయందుఁ గానవచ్చును. సుభద్ర కృష్ణునకుఁ జెల్లెలు, అర్జునునకు భార్య. ఎవ్వరు గెలిచినను నామెకు నష్టమే. ఇరువురు వీరుల పోరును జూచు సామాజికుఁడు ఎవ్వరు గెలుతురను కుతూహలముతో వచ్చును. సుభద్ర రాయబారమును జూచిన పిదప నెవ్వరును గెలువకుండిన బాగుండునని తలపోయును. కుతూహలము కరుణగా మాఱు నీ స్థానమే కథకు హృదయము.

ఇట్టి కల్పనలు తెలుఁగువారి కొక్కరికే సొత్తు గావు. అమెరికాదేశపు చిత్రకథాపత్రికలందు నీ సంప్రదాయము విస్తారముగా వెలసినది. 1940లో టైమ్లీ సంస్థవారు తమ యిరువురు నాయకులను, అగ్నిరూపుఁడగు హ్యూమన్ టార్చిని, జలధివాసి యగు సబ్‌మెరీనరును బోరించిరి. నిప్పునకు నీటికిని జరిగిన యా పోరు జయాపజయములు లేకయే ముగిసెను. ఆ సంవత్సరముననే ‘ఆల్ స్టార్ కామిక్స్’ మూఁడవ సంచికలో జస్టిస్ సొసైటీ ఆఫ్ అమెరికా యను వీరబృంద మవతరించెను. ఆ తొలిసంచికయందు వీరు లందఱు విందునకుఁ గూడి, తమ తమ సాహసములను వేఱువేఱుగాఁ జెప్పుకొనిరి. కలసి చేసినది తక్కువ. అది సమాగమమే కాని సమాగమకథ గాదు. ఒక పీఁటపైఁ గూర్చుండఁబెట్టినంత మాత్రమున వీరులమధ్యఁ గథ పుట్టదనుట కది నిదర్శనము.

1976లో స్పర్ధాళువులగు డి.సి., మార్వెల్ సంస్థలు రెండును గూడి సూపర్‌మానును, స్పైడర్‌మానును నొక్క పుస్తకమునఁ గలిపినవి. అందు దుష్టుల పన్నుగడచే వీరిరువురు మొదటఁ గలహించి, పిదప నిజము గ్రహించి, యొక్కటియై వారి నెదిరింతురు. అపోహ, పోరు, గుర్తింపు, సఖ్యము అను నీ క్రమము కిరాతార్జునీయమునకు దూరపుఁజుట్టమే. అయితే రచయితల కొక చిక్కు గలిగినది. సూపర్‌మాను బలమునకును స్పైడర్‌మాను బలమునకును హస్తిమశకాంతరము గలదు. అందుచేత ప్రతినాయకుఁడు స్పైడర్‌మానుపై నొక కిరణమును బ్రసరింపఁజేసి వానికిఁ దాత్కాలికముగా సమబలము గలిగించినట్లు కల్పింపవలసి వచ్చెను.

ఇచటఁ దెలుఁగుకథతోఁ దారతమ్యము స్పష్ట మగును. భగవదవతారమగు కృష్ణునితో మనుష్యుఁడగు నర్జునుఁడు సమానముగాఁ బోరుట యెట్లు? కథకుఁడు క్రొత్త కిరణమును గల్పింపలేదు. అర్జునునియొద్దఁ బాశుపతము గలదు. అది యాతని తపఃఫలము, పూర్వకథయం దార్జితము. సుదర్శనమునకు బాశుపత మెదురు నిలుచుటచే నొక సమాగమపు ఫలము వేఱొక సమాగమమునకు సాధన మయ్యెను. సమబలము పాత్ర చరిత్రనుండి పుట్టినప్పుడు విశ్వాసము గలుగును. పైనుండి తెచ్చి తగిలించినప్పుడు వేడుక మాత్రము గలుగును.

జయనిర్ణయవిషయమునను నీ భేదమే కానఁబడును. 1996లో ఆ రెండు సంస్థలును మఱల తమ వీరులను బోరించినపుడు అందలి యైదు పోరుల ఫలితమును బాఠకుల వోట్లచే నిర్ణయించిరి. అనఁగా గెలుపునకుఁ గారణము కథలోలేదు. వీరుని జనాకర్షణయందుఁ గలదు. ఈ ప్రలోభము తెలుఁగుదేశమునకుఁ దెలియనిది గాదు. 1963లో కె.వి. రెడ్డిగారి ‘శ్రీకృష్ణార్జునయుద్ధము’ చలనచిత్రమున నందమూరి తారకరామారావు కృష్ణుఁడుగను, అక్కినేని నాగేశ్వరరావు అర్జునుఁడుగను నటించిరి. ఇరువురును సమానప్రఖ్యాతి గలవారు. ఇరువురకును అభిమానిగణములు వేఱు. ఇట్టి స్థితిలో నే యొక్కరిని దక్కువ చేసినను బ్రేక్షకులలో సగము నొచ్చును. అయినను గయోపాఖ్యానమునఁ బ్రతిజ్ఞలు రెండును సమగౌరవము గలవగుటచే నటుల సమత కథకు భారము గాక యలంకార మయ్యెను.

ప్రత్యభిజ్ఞామార్గమునకుఁ దెలుఁగున నుత్తమోదాహరణము 1957 నాఁటి ‘మాయాబజార్’. శశిరేఖాపరిణయకథయు వ్యాసునిది గాదు. 1936లోనే యొకమాఱు చలనచిత్ర మయ్యెను. తల్లితో నడవిఁబడిపోవుచున్న యభిమన్యునకును ఘటోత్కచునకును దెలియక పోరు గలుగును. తామన్నదమ్ములని తెలిసినంతనే యది యుత్సవముగా మాఱును. ఇచటఁ బోరు పరిచయమునకు వాకిలి మాత్రమే. అందుచే దాని నెక్కువ సేపు సాగింపక ముగించుట యుచితముగా నున్నది. అపోహామూలకమైన పోరు పొడిగింపఁబడినకొలఁది వీరులు మందబుద్ధులవలెఁ దోఁతురనుట చిత్రకథారచయితలును గ్రహింపవలసిన విషయము.

గయోపాఖ్యానము దోషరహితమని చెప్పఁజనదు. దాని ముగింపు బలహీనము. సుదర్శనపాశుపతములు తలపడినంత లోకక్షయభీతిచే దేవతాసాక్షాత్కారము గలిగి పోరాఁగును. ధర్మసంకటమును బాత్రలు తీర్చుకొనలేదు. పైనుండి వచ్చినవారు తీర్చిరి. ఇంతసేపు సామాజికుని బాధించిన ప్రశ్న, అనఁగా రెండు ధర్మములు విరోధించినపుడు నేది మేలను ప్రశ్న, ప్రత్యుత్తరము లేకయే తెర పడును. నరనారాయణు లొక్కరే యను సిద్ధాంతము భక్తునకుఁ దృప్తి గూర్చును గాని రసికునకుఁ గొఱఁత మిగులును.

ఈ విషయమున రామాంజనేయయుద్ధకథ మేలు. విశ్వామిత్రుని యాగ్రహమునకుఁ బాత్రుఁడైన యయాతిని వధింతునని రాముఁడు మాట యిచ్చును; యయాతి యాంజనేయుని శరణు పొందును. వస్తువు గయునికథ వంటిదే. కాని దాసునకు స్వామిపై నెత్తఁదగిన యాయుధమే లేదు. హనుమంతుఁడు రామనామమును జపించును. రామబాణములు వ్యర్థము లగును. రాముని నెదిరించుటకు రామనామమే సాధన మగుటచేఁ బోరు పోరుగా నుండఁగనే పూజ యైనది. పరిష్కారము బయటినుండి రాలేదు. హనుమంతుని స్వభావమునుండియే వచ్చినది. 1975లో బాపుగారు ‘శ్రీరామాంజనేయయుద్ధము’ను జలనచిత్రముగాఁ దీసినపుడు ప్రేక్షకులు రాముని బాణములు విఫలము లగుటకుఁ గినియక సంతసించుటకుఁ గారణ మిదియే. ఇచట నోడినవాఁడును గెలిచినవాఁడే యని వారికిఁ జెప్పఁబనిలేదు.

పై పరిశీలనమున వీరసమాగమకథకుఁ గొలఁబద్దలు నాలుగు తేలుచున్నవి. పోరునకుఁ గారణము వీరుల స్వభావమునుండి పుట్టవలెను. వారి సమబలము పూర్వచరిత్రచే సమర్థింపఁబడవలెను. పోరువలన నష్టపడు వ్యక్తి యొకరు కథామధ్యమున నుండవలెను. ముగింపు పాత్రలచేతనే సిద్ధింపవలెను. గయోపాఖ్యానము మొదటి మూఁటియందు నుత్తీర్ణము; నాలుగవదానఁ గుంటువడినది. రామాంజనేయకథ మొదటిదానను నాలుగవదానను శ్రేష్ఠము. సుభద్రవంటి పాత్ర లేమి దాని కొఱఁత. మాయాబజార్ వేఱొక మార్గమునకుఁ జెందియుఁ దన మితమును దానెఱిఁగి నడచినది.

పాఠశాలలందు నేఁడు బాలురు విదేశవీరుల సమాగమములను జిత్రకథలయందును దెరపైనను జూచి వానిఁ గూర్చి గంటలకొలఁది వాదించుకొనుచున్నారు. ఆ యాసక్తిని నిందించుట వ్యర్థము. దానిని వాడుకొనుట యుచితము. సౌగంధికాపహరణమును బోధించు పండితుఁడు దానిప్రక్కనే గయునికథను జెప్పి, యిది వ్యాసునిది, యిది జనులదని స్పష్టముగా విడఁదీసి చూపి, గయున కర్జునుఁ డభయ మీయవచ్చునా యని పిల్లల నడుగవచ్చును. మూలమునకుఁ గలుగు హాని యేమియు లేదు. కృష్ణునిప్రక్క నొకరు, అర్జునునిప్రక్క నొకరు నిలిచి వాదించు పిల్లలకు ధర్మసంకటమన నేమో యా పూఁటకే తెలియును. ఆ వాదము తీఱక యింటికిఁ బోయినవాఁడు భారతమును దెఱచి చూడకపోఁడు.