అద్దం అరగదీసే చేతులు

టెలిస్కోపు అద్దాన్ని చేత్తో అరగదీసుకునేవాళ్లంటే నాకు అమితమైన గౌరవం. రెండు గుండ్రటి గాజు బిళ్లల మధ్య కార్బోరండం పొడి, నీళ్లు వేసి, పైదాన్ని ముందుకీ వెనక్కీ తోస్తూ, వాటిని నిలిపిన పీపా చుట్టూ తిరుగుతూ రుద్దుతారు. పైబిళ్ల మెల్లగా గుంటపడుతుంది, కిందిది ఉబ్బుతుంది. పొడి మారుస్తూ మారుస్తూ సన్నదానికి వస్తారు. చివరికి తారులాంటి పిచ్ పూసిన దిమ్మ మీద సీరియం ఆక్సైడుతో మెరుగు. ఆ తర్వాతే అసలు పరీక్ష. చీకటి గదిలో సూదిమొనంత దీపం, పక్కన ఒక బ్లేడు. అద్దం నుంచి తిరిగొచ్చిన వెలుగుకు బ్లేడు అంచు అడ్డుపెడితే గాజు మీది ఎత్తుపల్లాలు నీడలై కనబడతాయి. వేలు కాసేపు ఆనించినా చాలు, ఆ వెచ్చదనానికి ఉబ్బిన చోటు గుట్టలా లేస్తుంది! ఐదడుగుల నాభ్యంతరమున్న 12 అంగుళాల అద్దంలో గోళాకారానికీ కావలసిన పరావలయానికీ తేడా మిల్లీమీటరులో వెయ్యింట రెండు మూడు వంతులే. అంత తేడాను మనిషి అరచేతులు పట్టుకుంటాయి.

పాత టెలిస్కోపును విప్పి మళ్లీ కట్టడం ఇంకా ఓపిక పని. మాసిన అల్యూమినియం పూత తీయించి కొత్తది వేయించాలి, మరలు తిప్పుతూ అద్దాలను ఒక వరుసకు తేవాలి. ప్లైవుడ్ పీఠం వేలితో తోస్తే కదలాలి, వదిలితే నిలవాలి. చివరి తీర్పు నక్షత్రానిది: ఫోకస్‌కు ఇటూ అటూ వలయాలు ఒకేలా ఉంటే అద్దం కుదిరినట్టే.

జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నిలిపిన టెలిస్కోపు 48 అంగుళాలది. అంత పెద్దది కాకపోయినా, ఇంట్లో చేసిన 12 అంగుళాలదీ కంటికన్నా దాదాపు 1900 రెట్లు వెలుగు పోగేస్తుంది. దేవరకొండ గుట్టల దగ్గరో, అచ్చంపేట చేలల్లోనో చీకటి రాత్రి దాన్ని నిలిపితే, బడిపిల్లలూ చేనుకు కావలి ఉన్న రైతూ శని వలయాలను తమ కంటితోనే చూస్తారు.