అల్యూమినియం గొట్టాలు, కింది అధికారులు, నలుగురు విలేకరులు

2002 సెప్టెంబర్ 8, ఆదివారం. ఇరాక్ వేల సంఖ్యలో ప్రత్యేకమైన అల్యూమినియం గొట్టాలు కొనడానికి ప్రయత్నించిందనీ, అవి యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్‌ల కోసమేనని అమెరికా అధికారులు నమ్ముతున్నారనీ న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో రాసింది. ఆ అధికారుల పేర్లు లేవు. అదే ఉదయం ఉపాధ్యక్షుడు డిక్ చెనీ టీవీలో ఆ పత్రికనే సాక్ష్యంగా చూపారు. మరో చానల్‌లో జాతీయ భద్రతా సలహాదారు కాండొలీజా రైస్ అణు విస్ఫోటనం దాకా ఆగలేమని హెచ్చరించారు. ప్రభుత్వం చెవిలో వేసిన మాటే పత్రికలో అచ్చయి, మళ్లీ ప్రభుత్వం నోటికే రుజువై చేరింది. ఇంత నున్నగా జరిగిన పని కాబట్టే, దీన్ని ఎదుర్కొన్న పనితనాన్ని దగ్గరగా చూడాలనిపిస్తుంది.

దానికి రెండు రోజుల ముందే నైట్ రిడ్డర్ సంస్థ వాషింగ్టన్ కార్యాలయం నుంచి జోనథన్ ల్యాండే ఒక వార్త పంపారు. ఇరాక్ ఆయుధాల గురించి గట్టి ఆధారాలు లేవని ప్రభుత్వంలోని పెద్దలే కలవరపడుతున్నారన్నది దాని సారం. ల్యాండే, వారెన్ స్ట్రోబెల్, వారి బ్యూరో అధిపతి జాన్ వాల్కాట్, వియత్నాం యుద్ధాన్ని కళ్లారా చూసి రాసిన జో గాలొవే: ఈ నలుగురి చేతుల్లో రహస్య పత్రాల కట్టలేమీ లేవు. మంత్రుల విందులకు పిలుపులు కూడా వాళ్లకు పెద్దగా వచ్చేవి కావు. నైట్ రిడ్డర్‌కు అప్పట్లో ముప్పైకి పైగా దినపత్రికలున్నా వాషింగ్టన్‌లోగానీ న్యూయార్క్‌లోగానీ ఒక్కటీ ఉండేది కాదు. అందుకని వాళ్లు మధ్య, కింది స్థాయి వాళ్ల దగ్గరికి వెళ్లారు. గూఢచార నివేదికలు వడపోసే విశ్లేషకులను, సైనికాధికారులను, దౌత్యవేత్తలను విడివిడిగా అడిగారు. ఒకరు చెప్పినదాన్ని మరొకరి దగ్గర సరిచూసుకున్నారు. పైవాళ్లకు ఒక విధానాన్ని అమ్మవలసిన అవసరం ఉంటుంది. ఒక గొట్టం దేనికి పనికొస్తుందో చెప్పగలిగేది మాత్రం దాన్ని కొలిచే మనిషి. నాకు వాళ్ల పనిలో అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఈ ఎంపికే.

ఇంతకీ ఆ గొట్టాలేమిటి? వాటి వ్యాసం 81 మిల్లీమీటర్లు. అప్పట్లో ఇరాక్ సైన్యం వాడిన ఒక మామూలు రాకెట్‌కు సరిగ్గా అదే కొలత. సెంట్రిఫ్యూజ్‌ల సంగతి బాగా తెలిసిన అమెరికా ఇంధన శాఖ నిపుణులు ఇవి రాకెట్ల కోసమేనన్నారు, విదేశాంగ శాఖ గూఢచార విభాగం వారితో ఏకీభవించింది. అక్టోబర్ 4న సి.ఐ.ఏ. ప్రజల కోసం విడుదల చేసిన పత్రంలో ఈ అసమ్మతి దాదాపు మాయమైంది. కొందరు మాత్రం ఇవి సాధారణ ఆయుధాల కోసమై ఉండొచ్చని భావిస్తున్నారంటూ, వాక్యం చివర పేరూ ఊరూ లేకుండా మిగిలిపోయింది. చాలామంది కళ్లు ఆ వాక్యం మీది నుంచి జారిపోయాయి. ఆ పత్రంపై ల్యాండే రాసిన వార్త మాత్రం విశ్లేషకుల మధ్య ఉన్న ఆ చీలిక మీదే నడిచింది. అరిచే మాట లేదు, ఎవరినీ అబద్ధాలకోరు అనలేదు. నిపుణులకు నిపుణులకు పడటం లేదన్న సంగతిని పైకి తెచ్చి పెట్టారు, అంతే. వారం తిరిగేసరికి ఇరాక్‌పై యుద్ధం చేసే అధికారాన్ని అధ్యక్షుడికి ఇవ్వడానికి ప్రతినిధుల సభ 296–133 ఓట్లతో, సెనేట్ 77–23 ఓట్లతో ఒప్పుకున్నాయి.

ఈ వార్తలను సొంత గ్రూపులోని పత్రికలే కొన్ని వేసుకోలేదు. న్యూయార్క్ టైమ్స్‌లో రానిది మనకెక్కడిదన్న జంకు వాటిది. అయినా వాల్కాట్ వెనక్కి తగ్గలేదు. ఇతరుల పిల్లలను యుద్ధానికి పంపేవాళ్ల కోసం కాదు, తమ పిల్లలు యుద్ధానికి వెళ్లేవాళ్ల కోసం మనం రాస్తున్నామన్నది ఆయన తన వాళ్లకు చెప్పిన మాట. అది ఉత్త ఆదర్శమే కాదు. జార్జియాలో ఫోర్ట్ బెన్నింగ్ సైనిక స్థావరం పక్కనే ఉన్న కొలంబస్ నగరంలో నైట్ రిడ్డర్ పత్రిక ఒకటి నడిచేది. దాన్ని కొని చదివే ఇళ్లలో సైనికుల ఇళ్లెన్నో.

2003 మార్చి 7న అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అధిపతి ఎల్‌బరాదేయి ఆ గొట్టాలు సెంట్రిఫ్యూజ్‌లకు ఉద్దేశించినవని అనుకోలేమని భద్రతా మండలికి చెప్పారు. మార్చి 20న ఇరాక్‌పై బాంబులు పడ్డాయి. ఆ తర్వాత ఎంత వెతికినా అణ్వాయుధాల తయారీ ఆనవాళ్లు దొరకలేదు. 2004 మేలో న్యూయార్క్ టైమ్స్ తన వార్తల్లో కొన్నింటిని మరింత గట్టిగా పరీక్షించి ఉండవలసిందని పాఠకులకు చెప్పుకుంది.

అంతకు రెండు నెలల ముందు, 2004 మార్చిలో, ల్యాండే ఒక సహోద్యోగితో కలిసి చేసిన పని నాకు మరీ ఇష్టం. అహ్మద్ చలాబీ నడిపిన ఇరాకీ నేషనల్ కాంగ్రెస్ అనే ప్రవాసుల సంస్థ, తనకు అమెరికా నిధులు కొనసాగాలని కోరుతూ 2002లో సెనేట్ కమిటీకి ఒక జాబితా పంపింది. 2001 అక్టోబర్ నుంచి 2002 మే వరకు తాము అందించిన సమాచారంతో పలు దేశాల పత్రికల్లో వచ్చిన 108 వ్యాసాలు అందులో ఉన్నాయి. ఆ సంస్థ దాన్ని తన విజయాల పట్టికగా పంపుకుంది. విలేకరులు అదే కాగితాన్ని తీసుకుని, ఆ వ్యాసాలు ఏ పత్రికల్లో వచ్చాయో, వాటిలో చెప్పినవాటిలో ఎన్ని నిలబడ్డాయో సరిచూసి అచ్చువేశారు.