చూపుకీ చేతికీ మధ్య

పోర్ట్‌బ్లెయిర్ నుంచి వండూరు వెళ్లే దారిలో సిప్పీఘాట్ వస్తుంది. 2004 భూకంపానికి నేల కుంగి, వరిచేలు ఉప్పునీటి మడుగులైన చోటు. అక్కడ 2020 ఆగస్టు దాకా ఫోన్లో పబ్జీ అనే కాల్పుల ఆట ఆడినవాడికి వయసుతో పేచీ లేదు, పేచీ అంతా ఆకాశంతోనే. అండమాన్‌కి ఇంటర్నెట్ ఉపగ్రహం మీదుగా వచ్చేది. దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తుకు సంకేతం ఎక్కి దిగి, జవాబు మళ్లీ అదే దారిన ఎక్కి దిగేసరికి, కాంతి వేగంతో పోయినా అర సెకను దగ్గర పడుతుంది. మనం పేల్చాం అనుకునే లోపు ఎదుటివాడు మనల్ని పడేసి పక్కింట్లో దూరి ఉంటాడు. "నీకు వయసైపోయింది బాబాయ్" అని అన్నకొడుకు వెక్కిరిస్తే, "వయసు కాదురా, పింగు" అని, అంటే నెట్ ఆలస్యమని, దబాయించగలిగిన రోజులవి.

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. ముఖ్యమైన దీవులను కలుపుకుని 2,300 కిలోమీటర్ల పొడవు. గాజు తీగలో కాంతి సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, చెన్నైకి వెళ్లి రావడానికి తీగ మీద పాతిక మిల్లీసెకన్లు కూడా అక్కర్లేదు. నెల తిరక్కుండానే, సెప్టెంబరు 2న, కేంద్రం పబ్జీ మొబైల్‌ని నిషేధించింది. ద్వీపవాసుల అదృష్టం అలా ఉంది! బీజీఎంఐ పేరుతో అది తిరిగొచ్చింది 2021 జూలైలో. అప్పటికి బాబాయ్ చేతిలో సాకు లేదు. పింగు పోయాక కూడా మిగిలిన ఆలస్యం ఎవరిది? కంటిదా, బుర్రదా, వేలిదా?

ఈ ప్రశ్నను పట్టుకుని జరిగిన పనుల్లో నాకు బాగా నచ్చినది కెనడాలో, సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో జరిగింది. జోసెఫ్ థాంప్సన్, మార్క్ బ్లెయిర్, ఆండ్రూ హెన్రీ 2014లో 'ప్లాస్ వన్' పత్రికలో అచ్చువేశారు. ఫలితం కన్నా అందులోని పనితనం కోసమే దాన్ని చదవాలంటాను.

స్పందన వేగాన్ని కొలవడం కొత్తేమీ కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే లండన్‌లో గాల్టన్ అనే శాస్త్రవేత్త జనాన్ని నిలబెట్టి కొలిచాడు. అప్పటినుంచీ ప్రయోగశాల పద్ధతి దాదాపు ఒకటే: దీపం వెలగగానే మీట నొక్కు. చిక్కల్లా ఏమిటంటే, దీపం చూసి మీట నొక్కడంలో ఎవరికీ పదేళ్ల అనుభవం ఉండదు. అనుభవం వయసుకి అడ్డుకట్ట వేస్తుందా అన్నది తెలియాలంటే, జనం ఏళ్ల తరబడి ఇష్టపడి చేసే పని కావాలి. ఈ ముగ్గురూ స్టార్‌క్రాఫ్ట్ 2 అనే కంప్యూటర్ యుద్ధపు ఆటను ఎంచుకున్నారు.

ఎంపికలోనే సగం నైపుణ్యం ఉంది. ఆ ఆటలో వంతులుండవు, ఇద్దరూ ఒకేసారి ఆడుతుంటారు. యుద్ధభూమి పెద్దది, తెరమీద కనిపించేది అందులో ఒక ముక్క. ఆటగాడు తెరను అటూ ఇటూ జరుపుతూ, ఆగిన చోట ఏదో ఒక ఆజ్ఞ ఇస్తాడు, మళ్లీ జరుపుతాడు. ఎవరూ "నొక్కు" అనరు. ఎప్పుడు ఎక్కడ చూడాలో అతనే తేల్చుకోవాలి. ఆట ముగిశాక రీప్లే ఫైలులో ప్రతి జరుపూ, ప్రతి ఆజ్ఞా వేళతో సహా మిగిలిపోతుంది. తెర ఒక చోట ఆగిన క్షణం నుంచి అక్కడ మొదటి ఆజ్ఞ పడే దాకా పట్టిన వ్యవధినే వాళ్లు కొలతగా తీసుకున్నారు. ఎవరి నెత్తికీ తీగలు చుట్టలేదు, ఎవరినీ గదిలో కూర్చోబెట్టలేదు. ఆట తన కోసం రాసుకున్న చిట్టాలోంచే కొలబద్ద తయారైంది.

16 నుంచి 44 ఏళ్ల మధ్య వాళ్లు 3,305 మంది. అందులో అడుగు తరగతి ఆటగాళ్ల నుంచి ఆరితేరిన వాళ్ల దాకా ఉన్నారు. వేగం ఎప్పుడు తగ్గడం మొదలవుతుందో ముందే అనుకుని ఆ లెక్కకి దిగలేదు. తలుపు బందులాగా ఒక కీలు దగ్గర కలిసే రెండు సరళరేఖలు తీసుకుని, కీలు ఎక్కడ పడాలో అంకెలకే వదిలేశారు. అది 24 ఏళ్ల దగ్గర పడింది. అక్కణ్నుంచి చూపుకీ చేతికీ మధ్య ఎడం పెరుగుతూ పోతుంది. అనుభవం ఆ వాలును తగ్గిస్తుందనడానికి ఆధారం దొరకలేదు. కింది తరగతిలోనూ పై తరగతిలోనూ అదే తీరు.

ఒక్క మనిషిని చూసి ఈ మాట తేల్చలేం. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 37 ఏళ్ల వయసులో, 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ చదరంగం రెండోసారి గెలిచారు. ఏడు నెలలకి, బటూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్ టైబ్రేక్‌లో, అదే ర్యాపిడ్ ఆటలో, 19 ఏళ్ల దివ్యా దేశ్‌ముఖ్ చేతిలో ఓడిపోయారు. వీటిలో దేన్ని పట్టుకున్నా మనకు నచ్చిన కథ అల్లుకోవచ్చు. వేల రీప్లేలు ఎందుకు కావాలో ఇక్కడే తెలుస్తుంది.

నాకు నచ్చనిది ఆ వ్యాసం శీర్షిక. ఇరవై నాలుగుకే పనైపోయినట్టు ధ్వనిస్తుంది. పత్రికలన్నీ దాన్నే ఎత్తుకున్నాయి. లోపల రాసింది అంత తొందరపాటు మాట కాదు. రెండు పనులు ఒకేసారి నెట్టుకురావడంలో వయసుతో పాటు తగ్గుదల కనిపించలేదని అదే వ్యాసం ఒప్పుకుంటుంది. తమ ఊహకి కలిసిరాని ఫలితాన్ని దాచకుండా పక్కనే పెట్టడం మంచి పనివాడి లక్షణం. అసలు లోటు వేరే ఉంది: ఇది ఒకే మనిషిని 20లోనూ 40లోనూ చూసిన లెక్క కాదు, వేర్వేరు వయసుల వాళ్లను పక్కపక్కన నిలబెట్టిన లెక్క.

ఆ ఆలస్యంలో కంటి పాలెంత, బుర్ర పాలెంత, వేలి పాలెంత అన్నది తేలకపోవడం ఇంకో లోటు. దాన్ని 2022లో హైడెల్‌బర్గ్ పరిశోధకులు కొంత పూడ్చారు. ఫొన్ క్రౌజె, రాడేవ్, ఫోస్ పది లక్షలకు పైగా మంది స్పందన వేళలను తీసుకుని, వాటిలో కలిసిపోయిన మూడు అంశాలను విడదీశారు: బుర్ర విషయాన్ని తూచే వేగం, తొందరపడకూడదన్న జాగ్రత్త, చూడటానికీ వేలు కదలడానికీ పట్టే సమయం. ఇరవై దాటాక ఆలస్యం పెరుగుతున్న మాట నిజమే. అయితే ఆ భారమంతా జాగ్రత్త మీదా, కన్నూ వేళ్ల మీదా పడుతోంది. బుర్ర వేగం 60 దాకా పెద్దగా తగ్గడం లేదు. బాబాయ్ ఆలస్యంగా పేల్చేది కొంతవరకు గురి తప్పుతుందన్న భయంతోనే కావచ్చు.

కెనడా వ్యాసంలో చివరి విశ్లేషణ నాకు అన్నిటికన్నా ఇష్టం. పెద్దవాళ్లు ఒక షార్ట్‌కట్ మీట నొక్కి ఒకేసారి పెద్ద పని కానిచ్చుకునే వీలును ఎక్కువ వాడుతున్నారట. చేతి వేగం తగ్గిన మేరకు బుర్ర మీద బరువు తగ్గించే దారి వెతుక్కుంటూ ఉండొచ్చని రచయితలు అంటారు. అంతకు మించి గట్టిగా అనరు.

అన్నట్టు, ఈ ఆటగాళ్ల వివరాల పట్టికను 2013లోనే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, ఇర్వైన్ వాళ్ల బహిరంగ భాండాగారంలో పెట్టారు. ఎవరైనా దించుకోవచ్చు, కేబుల్ పుణ్యమా అని సిప్పీఘాట్‌లో కూడా క్షణాల పని. అందులో వయసు గడి పక్కనే, వారానికి ఎన్ని గంటలు ఆడతారన్న గడి ఉంది. ఉద్యోగమూ పిల్లలూ ఉన్నవాళ్లు ముందు ఆ గడి చూడాలి.