ఒక్క గుండు వేట

పెన్సిల్వేనియాలో జింకల వేట సందడంతా నవంబరు చివర్లో, థాంక్స్‌గివింగ్ వెళ్లగానే మొదలై రెండు వారాల్లో ముగిసిపోతుంది. స్కోపు బిగించిన రైఫిళ్లన్నీ బీరువాల్లోకి వెళ్లిపోతాయి. క్రిస్మస్ మర్నాడు మొదలై జనవరిలోకి సాగే మలి వేట వేరే తరహాది. అప్పుడు చాలా చోట్ల జింక వేటకు తుపాకి పట్టాలంటే చెకుముకి తుపాకే పట్టాలి. రాయి ఉక్కును గీరితే రాలే రవ్వతో పేలే తుపాకి అది. చాలా రాష్ట్రాలు ఇలాంటి సీజన్లలో ఆధునిక మజిల్‌లోడర్లను, అంటే గొట్టం నోట్లోంచి మందు కూరే తుపాకుల్ని, కూడా రానిచ్చాయి. 1974లో ఈ సీజన్ మొదలుపెట్టిన పెన్సిల్వేనియా మాత్రం చెకుముకిని వదల్లేదు. వదలకపోవడమే మంచిదని మిత్రులతో కలిసి ఈ వేటకు వెళ్తున్న నా గట్టి నమ్మకం.

ఈ తుపాకికి అక్కడ పుట్టిల్లు ఉంది. 18వ శతాబ్దంలో లాంకాస్టర్ చుట్టుపక్కల స్థిరపడ్డ జర్మన్, స్విస్ పనివాళ్లు పొడుగు గొట్టాల రైఫిళ్లు చేశారు. మేపుల్ కర్ర మడమ, గొట్టం లోపల మెలితిరిగిన గాడులు. నేటి వేటగాళ్లు పట్టేవి చాలావరకు వాటిని చూసి చేసినవే. మందు కొలిచి గొట్టం నోట్లో పోయాలి. కొవ్వు రాసిన గుడ్డపేలికలో సీసపు గుండును చుట్టి, కడ్డీతో అడుగంటా దట్టించాలి. గొట్టం పక్కనున్న చిన్న పళ్లెంలో చిటికెడు మెత్తటి మందు వేయాలి. ఆ చిటికెడులోనే నేర్పంతా ఉంది. పళ్లెం నిండా పోసి, గొట్టంలోకి వెళ్లే సన్నటి రంధ్రాన్ని కూడా మందుతో నింపేస్తే అది వత్తిలా నెమ్మదిగా కాలి పేలుడు ఆలస్యమవుతుంది. రంధ్రం నిండకుండా, పలచగా వేస్తే మంట ఒక్క దూకున లోపలికి వెళ్తుంది.

ఎంత బాగా వేసినా, కళ్ల ముందు భగ్గుమనడానికీ గుండు బయల్దేరడానికీ మధ్య రెప్పపాటు మిగులుతుంది. ఆ రెప్పపాటులో తల తిప్పితే గురి పోయినట్టే. మంట లేచినా, పొగ కమ్మినా చూపు జింక భుజం వెనకే నిలిపి ఉంచాలి. మళ్లీ మందు కూరి కాల్చాలంటే నిమిషం దాకా పడుతుంది, జింక అంతసేపు నిలబడదు. అందుకే మా జట్టులో యాభై గజాలు దాటితే ఎవరూ తుపాకి ఎత్తరు. అందులోనూ జింక పక్కకు తిరిగి నిలబడితేనే.

తడి ఈ తుపాకికి పరమ శత్రువు. హెమ్లాక్ కొమ్మ మీది మంచు ఒక్క దోసెడు పళ్లెం మీద పడితే ఆ పూటకు వేట అయిపోయినట్టే. కాబట్టి రాయీ పళ్లెమూ ఉండే చోటును మైనం పట్టించిన తోలుముక్కతో కప్పుతారు. రాత్రి తుపాకిని వెచ్చటి గదిలోకి తేరు, తెస్తే చల్లటి ఇనుముకు చెమ్మ పడుతుంది. పళ్లెంలోని మందు తుడిచేసి, పిల్లలకు అందని చల్లటి చోట తాళం వేసి పెడతారు.

ఇక జింక సంగతి. నవంబరు ఎద కాలంలో మగజింకలు తిండి మానేసి తిరిగి చిక్కిపోతాయి. ఆపైన రెండు వారాల తుపాకి మోత. డిసెంబరు చివరికి మిగిలినవి మనిషి వాసనను దూరం నుంచే పసిగడతాయి. లారెల్ పొదలు దట్టంగా అల్లుకున్న చోట్లలో, ఎండ తగిలే దక్షిణపు వాలుల్లో పడుకుంటాయి. వీపు గాలికి, కళ్లు వాలుకు. వెనక నుంచి వచ్చేదాన్ని ముక్కు చెబుతుంది, ముందు నుంచి వచ్చేదాన్ని కళ్లు చెబుతాయి.

వాటి కబురు మనకు చెప్పేది మంచే. జింక పడుకున్న చోట మంచు కరిగి కోలగా గుంట పడుతుంది. గుంట అడుగు గాజులా గట్టిపడిందంటే అది లేచిపోయి చాలాసేపయింది. వేలు పెడితే ఇంకా మెత్తగా, తడిగా ఉందంటే ఇప్పుడే లేచింది, దాపులోనే ఉంది. గిట్టల గుర్తు అంచులు పదునుగా ఉన్నాయా, పొడిమంచు రాలి మొద్దుబారాయా, పక్కన పడ్డ పెంటికలు గడ్డకట్టాయా అన్నది కూడా చూస్తాం. వంగి ఒక్క గుంటను చూసి పెద్దవాళ్లు ఎటు వెళ్లాలో తేల్చేస్తారు. ఈ చదువు అడవిలో తప్ప ఇంకెక్కడా దొరకదు.

ఇంత దట్టమైన పొదలో ఒంటరిగా చేసేదేమీ లేదు. ఇక్కడే జట్టు కావాలి. ఇద్దరు అవతల గండ్ల దగ్గర కాపు కాస్తారు, మిగతావాళ్లు పొదలోకి దిగి అదిలిస్తారు. కేకలు వేస్తే జింక ప్రాణభయంతో పరుగు లంకించుకుంటుంది, పరుగెత్తే జింక మీద ఈ తుపాకి పనికిరాదు. కాబట్టి పది అడుగులు వేసి ఆగుతూ, వంకరటింకరగా, తొందర లేకుండా నడవాలి. నడిచేవాడు ఆగినప్పుడే జింకకు దిగులు పుడుతుంది. లేచి, తల దించి, నక్కుతూ జారుకుంటుంది. ముదురు జింక ముందుకు పోనే పోదు, ఇద్దరి మధ్య సందులోంచి వెనక్కి తిరుగుతుంది. అది తెలిసిన జట్టు వెనక ఒకరిని నిలబెడుతుంది.

నిలబడ్డవాడు చెప్పిన చోటు నుంచి కదలకూడదు. నడిచేవాళ్ల వైపు తుపాకి తిప్పకూడదు. చప్పుడు విని కాల్చకూడదు. నారింజ రంగు చొక్కా లేనివాణ్ణి మేం పొదలోకి దిగనివ్వం. అవతల గుండు దట్టించిన తుపాకితో స్నేహితుడు నిలబడ్డాడని తెలిసీ ముళ్లలోకి దిగడమంటే ప్రాణాన్ని అతని చేతిలో పెట్టడమే. ఇన్నేళ్ల స్నేహంలో ఇంతకన్నా పెద్ద నమ్మకాన్ని నేనెక్కడా చూడలేదు.

మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం జింకను చంపడం నేరం. ఆ చట్టం అలాగే ఉండాలి. అక్కడి కథ వేరు. 1900 నాటికి పెన్సిల్వేనియాలో జింకలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 1895లో ఏర్పడ్డ గేమ్ కమిషన్ 1906లో మిషిగన్ నుంచి జింకల్ని తెప్పించి వదిలింది, మరుసటి ఏడు ఆడజింకల్ని కాల్చడం నిషేధించింది. తోడేళ్లు, కౌగర్లు అప్పటికే లేవు. జింకలు పెరిగి పెరిగి ఓక్ మొలకల్ని నేలమట్టంగా కొరికేసే స్థితి వచ్చింది. మొలకలు లేకపోతే రేపటి అడవి లేదు. వేటగాళ్ల లైసెన్సు రుసుములు, 1937 చట్టం ప్రకారం తుపాకుల మీద వచ్చే పన్ను వన్యప్రాణుల సంరక్షణకు వెళ్తాయి. ఈ లెక్క తెలియకుండా వేటను మెచ్చుకున్నా తిట్టినా నాకు రుచించదు.

గుండు తగిలిన జింక వెంటనే పడిపోకపోతే నెత్తుటి జాడ పట్టుకుని జట్టంతా వెతకాలి, చీకటి పడినా లాంతర్లతో వెతకాలి. దొరికాక వాటాలు వేసేటప్పుడు కాల్చినవాడికి ఎక్కువ ఉండదు. పొదల్లో గీరుకుపోయినవాళ్లకు వెన్నుకండలు ముందు. మిగిలితే 1991 నుంచి ఆహార కేంద్రాలకు జింక మాంసం చేరవేస్తున్న ‘హంటర్స్ షేరింగ్ ది హార్వెస్ట్’ వాళ్లకు ఇస్తాం. నా వాటా తొడకండ. దాని మీది కొవ్వు మేకకొవ్వులా కమ్మగా ఉండదు, మైనంలా నాలుకకు అంటుకుంటుంది, అందుకని పొరంతా చాకుతో గీసేస్తాను. ముక్కలు పెరుగులో, అల్లం వెల్లుల్లిలో రాత్రంతా నాని, సన్నటి సెగ మీద మెల్లగా ఉడికి, చివర్లో మిరియాల పొడి పడితే, వేటకు రాని ఇరుగుపొరుగు తెలుగువాళ్లు కూడా గిన్నెలు పట్టుకుని వస్తారు.